అవ్వ కాపలా కాసిన పబ్బు

మొన్న ఆదివారం పొద్దున్నే వేడినీళ్ళ బాయిలర్ ఉండే అలమరలోంచి దోసెల పిండి గిన్నె బయటికి తీసి మూత తెరిచానో లేదో, వెచ్చదనానికి పులిసి అంచుల దాకా పొంగిన ఆ పిండి వాసన వంటింటి నిండా కమ్ముకుంది. బల్ల దగ్గర పాలు తాగుతున్న మా అమ్మాయి ముక్కు మూసుకుని, "మమ్మీ, ఇట్ స్మెల్స్ లైక్ ఎ పబ్!" అని అరిచింది. లండన్ శివారు స్టాన్‌మోర్‌లో పుట్టి పెరిగిన పిల్లకు పబ్బు వాసన ఎక్కడ పరిచయమైందో అడగలేదు గానీ, అది చెప్పిన మాట అక్షరాలా నిజం. పుల్లగా, కొంచెం తియ్యగా, నానిన గింజల కమ్మదనంతో కలిసిన ఆ వాసనే నా చిన్నతనమంతా మా ఇంటి గోడల్లోంచి వచ్చేది.

నాన్న ఉద్యోగం ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్నానికి మారింది తొంభై ఎనిమిదిలో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు. రీడింగ్‌లో అద్దెలు అందక, అక్కడి నుంచి రైల్లో కాస్త పడమరగా పోతే వచ్చే ఒక చిన్న సంత పట్నంలో ఇల్లు తీసుకున్నాడు. ఊరి నడుమ రాళ్ళు పరిచిన మార్కెట్ స్క్వేర్, దాని చుట్టూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ పాత ఇటుక ఇళ్ళు. శనివారం వచ్చిందంటే చారల గుడారాలు లేచేవి, మట్టి వదలని బంగాళాదుంపలు, బండి చక్రాలంత జున్ను ముద్దలు, వానకు తడిసిన కాలీఫ్లవర్లు వరసలు తీరేవి, కూరగాయలాయన తన సరుకు పేర్లను పాటలాగా సాగదీసి అరిచేవాడు. మాకు దొరికిన ఇంటికి అద్దె తక్కువ కావడానికి కారణం దాని పక్క గోడ. ఆ గోడకు అటువైపు వీట్‌షీఫ్ అనే పబ్బు ఉండేది. గురువారం పొద్దున బీరు పీపాల లారీ వచ్చినప్పుడు, ఫుట్‌పాత్ మీది చెక్క తలుపులు తెరిచి ఒక్కొక్క పీపానూ కింది నేలమాళిగలోకి దొర్లిస్తుంటే మా వంటింట్లో గ్లాసులు గలగలలాడేవి.

మరుసటి ఏడు అవ్వ నెల్లూరు నుంచి వచ్చింది. నాన్నకు అమ్మ. టాక్సీ దిగి, చలికి కొంగు చెవుల మీదుగా చుట్టుకుని, పబ్బు గుమ్మం మీద వేలాడే బోర్డు వైపు తలెత్తి చూసింది. పేరుకు తగ్గట్టే దాని మీద పండిన గోధుమ కంకుల కట్ట బొమ్మ ఉండేది.

"ఇది గింజల మండీనా పాపా? గోధుమ కట్టేసుండారే."

"కాదవ్వా, పబ్" అన్నాను.

"హోటలు లాంటిదిలేమ్మా" అంటూ నాన్న సూట్‌కేసులు పట్టుకుని గబగబా లోపలికి నడిచాడు.

ఆ మాట సాయంత్రం దాకా కూడా నిలవలేదు. కిటికీలోంచి గ్లాసులు పట్టుకుని నిలబడ్డ మగవాళ్ళను చూసి అవ్వ వంటింట్లోకి వచ్చి, "ఒరే శీనయ్యా, ఇది సారాయంగడి గదరా! సారాయంగడి పక్కన పెళ్ళాం బిడ్డల్ని పెట్టుకొని కాపరం చేస్తుండావా?" అని అడిగింది. గొంతు పెంచలేదు. నాన్న పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు.

ఆ ప్రశ్న వెనకున్న కథ అమ్మ తర్వాత నాకు చెప్పింది. నాన్న ఇంటర్ చదువుతుండగానే తాతను సారా తీసుకుపోయింది. పొలమూ, రెండు ఎద్దులూ, చివరికి అవ్వ చెవి కమ్మలూ అంతకు ముందే ఆ దారినే పోయాయి. చాలా ఏళ్ళ తర్వాత మా వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని సారా దుకాణాల మీదికి కదిలినప్పుడు, మా ఊళ్ళో ముందు నడిచినవాళ్ళలో అవ్వ ఒకతె. సారా ప్యాకెట్లు రచ్చబండ ముందు కుప్ప పోసి తగలబెట్టారు. సారా జీపు ఊళ్ళోకి రాకుండా దారికి అడ్డంగా కూర్చున్నారు. అంగడికి తాళం పడేదాకా లేవలేదు. అలాంటి మనిషిని తెచ్చి మేము పబ్బు గోడకు ఆనుకున్న గదిలో పడుకోబెట్టాం.

ఇల్లు మారడం కుదరదని నాన్న తేల్చి చెప్పాక అవ్వ ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీ వేసుకుంది. తెల్లటి జాలీ తెర వెనకాల, మెరూన్ స్వెటర్ వేసుకుని, చేతిలో టీ కప్పుతో పబ్బు గుమ్మానికి కాపలా కాసింది. ఎవరు పోతున్నారు, ఎలా బయటికి వస్తున్నారు, కాళ్ళు తడబడుతున్నాయా, గుమ్మం బయట ఏ ఆడమనిషి అయినా ఎదురు చూస్తోందా, అన్నీ కనిపెట్టి అన్నం తినేటప్పుడు మాకు చెప్పేది. "ఈ పొద్దు ఒకామె బిడ్డనెత్తుకొని పోయింది." "కుక్కను గూడా తోలకపోతుండారు. కుక్కకేం పని ఆడ?" ఆ కుక్క హెరాల్డ్ అనే ముసలాయనది. సన్నగా, పొడుగ్గా, గళ్ళ టోపీ పెట్టుకుని రోజూ మధ్యాహ్నం అదే వేళకు వచ్చేవాడు, ఒక్క గ్లాసు ముందు కాసేపు కూర్చుని, వచ్చినంత నిటారుగా ఇంటికి పోయేవాడు. కొన్ని వారాలయ్యాక అవ్వ గొంతులో కొంచెం నిరాశ వినిపించింది. "కింద పడినోడు ఒక్కడూ లేడే!"

ఆ ఒక్కడూ ఆకురాలే కాలంలో ఒక శనివారం కనిపించాడు. సన్నగా తుంపర పడుతోంది, సంత సగం సర్దేశారు. పబ్బు ఎదుటి బెంచీ మీద గ్యారీ అనే కుర్రవాడు తూలుతూ కూర్చుని ఉన్నాడు. అతని భార్య ట్రేసీ, నిండా ఇరవై ఏళ్ళు ఉంటాయో లేదో, పసిబిడ్డను బండిలో వేసుకుని అతని చెయ్యి పట్టుకుని ఇంటికి రమ్మని బతిమాలుతోంది. అతను చెయ్యి విదిలించుకున్నాడు. ఆ విసురుకు బండికి తగిలించిన సంచీ తెగి ఉల్లిపాయలన్నీ రాళ్ళ మీద దొర్లాయి. ట్రేసీ వాటిని ఏరుతూ ఏడవడం మొదలుపెట్టింది.

అవ్వ టీ కప్పు కింద పెట్టింది. నాన్న బూట్లలో కాళ్ళు దూర్చి, నా చెయ్యి పట్టుకుంది. "రా పాపా. నేను చెప్పేది నువ్వు ఇంగిలీసులో చెప్పు."

ఆమె వెనకాల నేను మొదటిసారి వీట్‌షీఫ్ లోపలికి అడుగుపెట్టాను. తల తగిలేంత కిందికి నల్లటి దూలాలు, వాటికి మేకులు కొట్టి తగిలించిన, గుర్రాల జీనుకు కట్టే ఇత్తడి బిళ్ళలు, సిగరెట్ పొగకు పసుపెక్కిన పైకప్పు, పొయ్యిలో చిటపటలాడే మొద్దులు, దాని ముందు ఆవిర్లు కక్కుతున్న తడి కోట్లు. సంత జనమంతా అక్కడే ఉన్నారు. చీర, స్వెటర్, మగవాడి బూట్లు వేసుకున్న అవ్వను చూసి చుక్కల బిళ్ళలతో డామినోలాడుతున్న చేతులు గాలిలో ఆగిపోయాయి. కౌంటర్ వెనకాల, నిలువు చేతిపిడుల బీరు పంపుల దగ్గర, కళ్ళద్దాలు గొలుసుకు వేలాడేసుకున్న పెద్దావిడ నిలబడి ఉంది. ఆ పబ్బు నడిపే మోరీన్.

అవ్వ తిన్నగా ఆమె ముందుకు పోయింది. "ఆ బిడ్డ బయట ఏడస్తా ఉంటే నువ్వు వాడికి ఇంకా పోస్తుండావా? నీ అంగట్లో మన్ను పొయ్య! నీకు బిడ్డల్లేరా?"

మన్ను సంగతి వదిలేసి, ఆ అక్క ఏడుస్తోందనీ, దయచేసి అతనికి ఇంక ఇవ్వొద్దనీ నేను ఇంగ్లీషులో చెప్పాను.

మోరీన్ కోప్పడలేదు. చేతులు తుడుచుకుంటూ కౌంటర్ చుట్టూ తిరిగి మా దగ్గరికి వచ్చింది. "మీ గ్రాన్‌తో చెప్పు లవ్, వాడికి నేను పొయ్యడం ఎప్పుడో మానేశాను. ఈ గడప తొక్కొద్దన్నాను. బీరు క్యాన్లు బయట కొనుక్కుని ఆ బెంచీ మీద తాగుతున్నాడు."

'లవ్' అంటే అక్కడ మన 'అమ్మా' లాంటి పిలుపే. మోరీన్ మాటలు నేను తెలుగులో చెప్పాను. అవ్వ నా ముఖంలోకి చూసింది. "ఇయ్యనన్నాదా? అమ్ముకునేది ఇయ్యనన్నాదా? సరిగ్గా అడుగు."

మళ్ళీ అడిగాను. "కాలు నిలవని మనిషికి నేను పొయ్యను" అంది మోరీన్. "ముందు దీన్ని నడిపిన మా అమ్మా పొయ్యలేదు."

 అవ్వ బయటికి నడిచింది, మోరీన్ ఆమె వెనకే వచ్చింది. ఇద్దరూ కలిసి ఉల్లిపాయలు ఏరారు, ట్రేసీని లోపలికి తెచ్చి మంట దగ్గర కూర్చోబెట్టారు. మోరీన్ టీ తెచ్చింది. అవ్వ నేల మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మధ్య పడుకోబెట్టుకుని ఊపింది. పబ్బులో ఉన్న మగవాళ్ళందరూ గొంతులు తగ్గించుకున్నారు. హెరాల్డ్ టోపీ పెట్టుకుని, తన కుక్కతో సహా బయటికి పోయి, వానలో గ్యారీ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఏం మాట్లాడాడో తెలియదు. చాలాసేపటికి గ్యారీ లేచి, ఆయన భుజం పట్టుకుని ఇంటివైపు నడిచాడు. అతను ఒక్కరోజులో మారిపోలేదు. చర్చి హాల్లో తాగుడు మానినవాళ్ళు కూడే మీటింగులకు పోయాడు, మానేశాడు, మళ్ళీ పోయాడు. ట్రేసీకి రెండో బిడ్డ పుట్టేనాటికి డెలివరీ వ్యాను నడుపుతూ, సంతలో కనిపిస్తే సిగ్గుగా నవ్వేవాడు.

ఆ శనివారం తర్వాత అవ్వ కాపలా మానలేదు గానీ, కుర్చీ చోటు మారింది. మధ్యాహ్నాలు మోరీన్ వంటింట్లో టీ తాగడంతో మొదలుపెట్టి, చలికాలం వచ్చేసరికి పొయ్యి పక్కకి చేరింది. నేను "అవ్వా" అని పిలవడం విని పబ్బులో అందరూ ఆమె పేరు ఏవా అనుకున్నారు. అది వాళ్ళకూ ఉన్న పేరే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. "మార్నింగ్ ఏవా" అని పోస్ట్‌మాన్ కూడా పలకరించేవాడు. దీపావళీ, నవంబరులో వాళ్ళు భోగిమంటల్లా మంటలేసి జరుపుకునే పండగా ఇంచుమించు ఒకే వారంలో వచ్చేవి. ఆ వారం అవ్వ చేసిన చేగోడీలు కౌంటర్ మీద, వెనిగర్‌లో ఊరేసిన కోడిగుడ్ల సీసా పక్కన, ఉప్పు పొట్లం విడిగా వేసిన చిప్స్ ప్యాకెట్ల సరసన కూర్చునేవి. డామినో ముసలాళ్ళు వాటిని కరకర నమిలి, పళ్ళ సెట్టు చూసుకుని, ఇంకో రెండు తీసుకునేవాళ్ళు.

నా బాల్యం సగం ఆ పబ్బు పెరట్లోనే గడిచింది. వసంతంలో కిటికీల కింద పూలబుట్టలు వేలాడేవి. ఎండాకాలం నిమ్మసోడా గ్లాసు చుట్టూ కందిరీగలు ముసిరితే గ్లాసు కింద పరిచే అట్టబిళ్ళను పైన మూతపెట్టి తాగడం నేర్చుకున్నాం. ఆకురాలే కాలంలో గోడవతల చెట్టు కింద నిగనిగలాడే గోధుమరంగు కాయలు ఏరి, దారానికి గుచ్చి, ఒకరి కాయను ఒకరు కొట్టి పగలగొట్టేవాళ్ళం. చలికాలం లవంగాలూ దాల్చినచెక్కా వేసి కాచే ఆపిల్ రసం వాసన పలావు వాసనలా ఉండి నాకు ఆకలి పుట్టించేది. గోడ చక్రం మీదికి చిన్న బాణాలు విసిరే ఆటలో లెక్కలు రాసే నల్లపలక మీద అవ్వ సుద్దతో పులి-మేక గీసి హెరాల్డ్‌కు ఆట నేర్పింది. ఆయన ఇంగ్లీషూ ఈమె తెలుగూ ఒకరికొకరికి ముక్క అర్థం కాకపోయినా, మేక పోయినప్పుడల్లా ఇద్దరూ కలిసి అరిచేవాళ్ళు.

ఒకసారి మోరీన్ మమ్మల్ని నేలమాళిగలోకి తీసుకుపోయింది. బావిలోకి దిగినంత చల్లగా ఉంది. పీపాలు చెక్క దిమ్మల మీద పడుకుని ఉన్నాయి, ఒక్కొక్కదాని పైన చిన్న చెక్క బిరడా, దాని చుట్టూ సన్నటి నురగ. ఈ రకం బీరు పీపాలోకి వచ్చాక కూడా బతికే ఉంటుందనీ, దాని మానాన దాన్ని తేరుకోనివ్వాలనీ, తొందరపెడితే పాడైపోతుందనీ మోరీన్ చెప్పింది. అవ్వ పీపాకు చెవి ఆనించింది. "ఊపిరి తీస్తుండాదే! మన దోసెల పిండి మాదిరే" అని ఆశ్చర్యపోయింది. మరుక్షణం వెనక్కి జరిగి, "అయినా తాగేది తాగేదే. పాపిష్టిదే" అని కొంగు సర్దుకుంది. ఆ మాట మీద ఆమె ఎప్పటికీ నిలబడింది. ఆ పబ్బులో టీ తప్ప ఇంకేదీ ముట్టలేదు.

తర్వాత ఒక జనవరిలో, స్క్వేర్ అంతా మంచు గడ్డకట్టిన రోజున, హెరాల్డ్ రాలేదు. "కుక్క ముసలాయన రాలేదే" అంటూ అవ్వ రెండుసార్లు గుమ్మం దాకా పోయి వచ్చింది. చలికి రాలేదేమోలే అన్నారు మిగతావాళ్ళు. అవ్వ ఒప్పుకోక మోరీన్ చెయ్యి పట్టి లాగింది. భార్య పోయినప్పటి నుంచి ఆయన ఒంటరిగా ఉంటున్నాడు, ఆ ఇంటి తాళంచెవి ఒకటి మోరీన్ దగ్గర ఉండేది. పోయి చూస్తే మెట్ల కింద పడి ఉన్నాడు, తుంటి విరిగింది, కుక్క పక్కనే పడుకుని మూలుగుతోంది. ఇంకొంచెం ఆలస్యమైతే చలికే పోయేవాడని ఆస్పత్రిలో అన్నారు. మొగ్గలు తొడిగే వేళకు చేతికర్రతో ఆయన పబ్బు గుమ్మంలోకి తిరిగి వచ్చినప్పుడు అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆ రోజే మా నాన్న, తన తండ్రి పోయినప్పటి నుంచి అలాంటి చోటు గడప తొక్కనివాడు, రీడింగ్ రైలు దిగి తిన్నగా అక్కడికి వచ్చి, నిమ్మసోడా పట్టుకుని అవ్వ పక్కన నిలబడ్డాడు.

రెండువేల ఎనిమిది వేసవిలో పబ్బు మూసేస్తారన్న కబురు వచ్చింది. పబ్బు లోపల సిగరెట్లు కాల్చకూడదన్న చట్టం వచ్చి ఏడాది అయింది. సూపర్‌మార్కెట్‌లో క్యాన్లు నీళ్ళ కంటే చవగ్గా దొరుకుతున్నాయి. జనం పలచబడ్డారు. బిల్డింగ్ సొంతదారైన కంపెనీ వీట్‌షీఫ్‌ను మూసేసి ఫ్లాట్లుగా మార్చడానికి కౌన్సిల్ అనుమతి అడిగింది. ఊళ్ళో వాళ్ళెవరైనా మీటింగుకు వచ్చి అభిప్రాయం చెప్పవచ్చునని గుమ్మానికి నోటీసు అంటించారు.

మోరీన్ ఎవరినీ ఏమీ అడగలేదు. అవ్వ మాత్రం అన్నం సరిగ్గా తినడం మానేసింది. అమ్మ ఉండబట్టలేక అడిగింది: "అత్తయ్యా, అక్కడ అంగళ్ళు మూయించినోళ్ళు మీరు. ఇక్కడ దీనికోసం మాట్లాడతారా?" అవ్వ ఫోన్ కార్డు తీసుకుని, ఆ రోజుల్లో తనతో పాటు సారా జీపుకు అడ్డంగా కూర్చున్న కాంతమ్మకు ఊరికి ఫోన్ చేసింది. తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చినప్పుడు ముఖం తేటపడి ఉంది.

"ఏమందవ్వా కాంతమ్మవ్వ?"

"మొగోళ్ళు తిన్నగా ఇంటికి పోతుండారా అని అడిగింది. పోతుండారని చెప్పినా. 'అయితే ఇంకేందే నీ బాధ' అనింది."

టౌన్ హాల్లో కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. కంపెనీ తరఫున సూట్ వేసుకున్నాయన, ఈ చోటు అవసరం ఇప్పుడు ఎవరికీ లేదని మర్యాదగా వివరించాడు. అవ్వ వంతు వచ్చింది. మైకు ఆమె ఎత్తుకు దించారు. నాకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. పక్కన నిలబడి ఒక్కొక్క వాక్యమూ ఇంగ్లీషులో చెప్పాను, ఈసారి ఏదీ వదలకుండా.

"నా మొగుణ్ణి సారాయి తినేసింది. మా ఊళ్ళో సారాయంగడి మూయించిన ఆడోళ్ళలో నేనొకదాన్ని. ఇక్కడికొచ్చినాక గూడా ఇన్నేండ్లు కిటికీలో కూర్చొని ఈ అంగడిని కనిపెట్టినా. తప్పు దొరికుంటే నేనే మూయించేదాన్ని. దొరకలా." ఆగి ఊపిరి తీసుకుంది. "హెరాల్డు పడిపోయిన పొద్దు మాకెట్టా తెలిసె? ఆయన వచ్చే చోటొకటి ఉండబట్టి, రాలేదని తెలిసె. ఇది మూసేస్తే, రేపు పడిపోయినోణ్ణి ఎవురు చూస్తారు?"

చివరి వాక్యం ఇంగ్లీషులో చెప్పి నేను మైకు దగ్గర నుంచి పక్కకు జరిగాను.  వెనక వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. గ్యారీ. ఆ తర్వాత అతనూ లేచి మాట్లాడాడు, నేలచూపులు చూస్తూ, రెండే మాటలు: తనకు పొయ్యనని చెప్పిన మొదటి చోటు అదేనని.

కంపెనీకి కౌన్సిల్ అనుమతి ఇవ్వలేదు. కంపెనీ కొన్నాళ్ళు గునిసి చివరికి మోరీన్‌కే లీజు పొడిగించింది. లీజు కబురు వచ్చిన సాయంత్రం ఆమె అవ్వను కావలించుకుని ఏడిస్తే, అవ్వ ఆమె వీపు నిమురుతూ, "ఊరుకో మే, ఊరుకో" అని తెలుగులోనే ఓదార్చింది. అది నేను ఇంగ్లీషులో చెప్పబోతే మోరీన్ వద్దని చెయ్యి ఊపింది. కొన్నేళ్ళకు అవ్వ ఆ ఊళ్ళోనే, మా ఇంట్లోనే కన్నుమూసింది. అంత్యక్రియల మధ్యాహ్నం వీట్‌షీఫ్ తలుపులు మూసి ఉన్నాయి. అందులో ఉండవలసినవాళ్ళందరూ మా వెంట ఉన్నారు.

ఇప్పుడు అమ్మానాన్నలను చూడటానికి పోయినప్పుడల్లా ఏదో ఒకటి తగ్గి కనిపిస్తుంది. సంత నాలుగైదు గుడారాలకు కుదించుకుపోయింది, పాటగా అరిచే కూరగాయలాయన లేడు. హెరాల్డ్ లేడు. మోరీన్ సముద్రపు ఒడ్డున తన చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది. పసుపు పైకప్పుకు తెల్ల రంగు వేశారు, డామినోల చప్పుడు ఉన్నచోట లాప్‌టాప్‌లు మెరుస్తున్నాయి. పబ్బు మాత్రం ఉంది. ఒక కుర్ర జంట నడుపుతున్నారు.

పోయిన వేసవిలో ఒక చల్లటి వానరోజు దాని ముందు నిలబడి ఉంటే, చుడీదార్ మీద రెయిన్‌కోట్ వేసుకున్న ఒక అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, వెనక్కి తగ్గడం చూశాను. ఫోన్‌లో తెలుగు మాట్లాడుతోంది. పలకరిస్తే ముఖం విప్పారింది. గుంటూరు దగ్గరట, వచ్చి నెలే అయిందట, భర్త ఆఫీసుకు పోతే పొద్దుపోక తిరుగుతోందట.

"అక్కా, లోపల అందరూ మగవాళ్ళేనాండీ? మనలాంటివాళ్ళం వెళ్ళొచ్చా?"

"వెళ్ళొచ్చు, టీ కూడా ఇస్తారు" అని తలుపు తోసి పట్టుకున్నాను.

ఆమె ఇంకా తటపటాయిస్తుంటే, లోపల కౌంటర్ దగ్గరి కుర్రవాడు ఇటు తిరిగి, "తలుపు దగ్గర చలి లవ్, లోపలికి రండి" అన్నాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి, రెయిన్‌కోట్ నీళ్ళు దులుపుకుని, గడప దాటింది.